గడప ఇవతల రెమిగియుష్ కునా గారు: పంతొమ్మిది సీజన్లకు ఒక అభినందన

రెండువేల నాలుగో సంవత్సరం జులై ఒకటో తారీఖు, గురువారం ఉదయం, శ్రీ రెమిగియుష్ కునా గారు మన ఇస్క్రా సోస్నూఫ్ ఫుట్‌బాల్ క్లబ్బులో స్ట్రైకర్‌గా చేరారు. అప్పటికి వారి వయసు పద్దెనిమిది. ఒక చేతిలో సూపర్ మార్కెట్ సంచి, అందులో బూట్లు. ఇంకో చేతిలో వాళ్లమ్మగారు పంపిన దోసకాయల ఊరగాయ సీసా. ఆ సమయానికి క్లబ్బు ఆఫీసులో నేనొక్కణ్ణే ఉన్నాను కాబట్టి సీసా నాకే ఇచ్చారు. అది కోచ్ గారికి పంపిందని మధ్యాహ్నం తెలిసింది. అప్పటికి సీసా కడిగి ఎండబెట్టేశాను.

మన క్లబ్బులో రిటైరయ్యేవాళ్ల గురించి అభినందన వ్యాసం రాసే బాధ్యత చాలాకాలంగా నాదే. టికెట్ కౌంటర్ గారికి రాశాను, గడ్డి కోసే ఆయన గారికి రాశాను, వాళ్లందరూ అరవై దాటినవాళ్లు, అందుచేత "సుదీర్ఘ సేవానంతరం విశ్రాంత జీవితంలోకి అడుగుపెడుతున్న" అని రాస్తే బాగా కుదిరేది. ముప్ఫై ఏడేళ్ల మనిషికి అదే వాక్యం రాయాలంటే, యాభై తొమ్మిదేళ్ల మనిషిగా నాకు కాస్త కష్టంగానే ఉంది. అయితే కునా గారి కుడి మోకాలు వయసులో నాకంటే పెద్దదని డాక్టర్ గారు చెప్పారు కనుక, ఆ మోకాలిని ఉద్దేశించి నిస్సంకోచంగా రాస్తున్నాను.

తొలి రెండు సీజన్లలో వారిని చూసినవాళ్లెవరూ వీరు స్ట్రైకర్ అనుకోలేదు. ఎవరికోసమో ఎదురుచూస్తున్న మనిషి అనుకున్నారు. మిగతా పదిమంది చెమటలు కక్కుతూ పరిగెడుతుంటే, వీరు గోల్ ముందు చేతులు నడుముకి ఆనించి నిలబడేవారు. ఒకరోజు ప్రాక్టీసులో అప్పటి కోచ్ గారికి ఒళ్లు మండింది.

"ఏమయ్యా, నీకు పరిగెత్తడం రాదా?"

"వచ్చండీ."

"మరి?"

"బంతి ఇటే వస్తుంది కదండీ."

"నీకు ఫోన్ చేసి చెప్పిందా?"

"లేదండీ. చిన్నప్పుడు మా అమ్మ నన్ను చంకనేసుకుని సరుకుల క్యూల్లో నిలబడేది. ఏ క్యూ కదులుతుందో, ఏది కదలదో ముందే చెప్పేసేది. ముందున్నవాళ్ల మెడలు చూస్తే తెలుస్తుందనేది. నేనూ డిఫెండర్ల మెడలు చూస్తానండీ."

కోచ్ గారు నోరు తెరిచేలోగా బంతి నిజంగానే ఇటు వచ్చి, వీరి తొడకు తగిలి, గోల్లోకి పోయింది. ఆనాటినుంచి ఈనాటిదాకా వీరు కొట్టిన గోల్స్‌లో అందమైనది ఒక్కటీ లేదని మీ అందరికీ తెలుసు. మోకాలితో కొట్టారు, భుజంతో కొట్టారు, ఒకసారి పడిపోయి లేస్తూ వీపుతో కొట్టారు. ఫొటోగ్రాఫర్లు వీరిని ఎప్పుడూ క్షమించలేదు. ప్రత్యర్థి గోల్ కీపర్లు మాత్రం వీరి పేరు చెబితే లేచి నిలబడేవారు.

రెండువేల తొమ్మిదిలో, దంతవైద్యశాలలో పనిచేసే యొవీటా గారితో వారి వివాహం జరిగింది. రైల్వే స్టేషన్ వెనక అపార్టుమెంట్లలో, నాలుగో అంతస్తులో, అత్తగారు శ్రీమతి లెయొకాడియా గారింట్లో కాపురం పెట్టారు. లెయొకాడియా గారు పోస్టాఫీసులో పనిచేసి రిటైరైనవారు. ఆ ఇంట్లో గోడ పొడవునా అద్దాల బీరువా ఉంటుంది, దానినిండా గాజు గ్లాసులుంటాయి, వాటితో ఎవరూ ఎప్పుడూ ఏమీ తాగలేదు. పెద్ద గదిలో మంచి తివాచీ ఉంటుంది, దానిమీద ఇంకో తివాచీ ఉంటుంది, మొదటిది పాడవకుండా. గుమ్మం పక్కన అతిథుల కోసం గుడ్డ చెప్పులు సైజుల వారీగా ఉంటాయి. ఇవన్నీ మీ ఇళ్లల్లోనూ ఉన్నాయని నాకు తెలుసు, నేను వచ్చాను కదా.

రెండువేల పన్నెండు జనవరిలో, వారు ఇరవై ఐదేళ్ల వయసులో, మంచి ఊపులో ఉండగా, జర్మనీనుంచి ఒక పెద్ద క్లబ్బువారు వారిని తీసుకోవాలనుకున్నారు. ఆ క్లబ్బులో ఆటగాళ్ల వ్యవహారాలు చూసే పెద్దమనిషే స్వయంగా సోస్నూఫ్ వచ్చారు. కునా గారికి చిన్నప్పటినుంచీ ఉన్న కోరిక అదొక్కటే: అరవై వేలమంది కూర్చునే స్టేడియంలో ఒక్కసారైనా ఆడాలి. యొవీటా గారు అంతకుముందు ఏడాదంతా సాయంత్రాలు జర్మన్ నేర్చుకున్నారు. పెట్టె సర్ది మంచం కింద పెట్టారు. లెయొకాడియా గారు మూడురోజులు వంట చేశారు. చీజ్ కేకు, ఉప్పుచేప, పులిసిన క్యాబేజీతో మాంసం. అద్దాల బీరువా తాళం కూడా తీశారు. ఆ బీరువాకి తాళం ఉందన్న సంగతి అల్లుడుగారికి అప్పుడే తెలిసింది.

ఆరోజు జరిగింది జరిగినట్టు రాస్తాను.

శనివారం. బయట మంచు. బెల్లు మోగింది. కునా గారే తలుపు తీశారు. జర్మన్ పెద్దమనిషి గడప అవతల నిలబడి, నిండుగా నవ్వుతూ, గడప మీదుగా చెయ్యి చాచారు.

ఇప్పుడు మీరే చెప్పండి. గడప అవతల మనిషికి గడప ఇవతలనుంచి చెయ్యి ఎవరైనా ఇస్తారా? మనం ఇవ్వం. మన తాతలు ఇవ్వలేదు. గొడవలొస్తాయి, పనులు చెడతాయి, అది పసిపిల్లలకు కూడా తెలుసు. కునా గారు రెండు చేతులూ చటుక్కున వెనక్కి పెట్టుకుని, గడ్డంతోనూ కనుబొమ్మలతోనూ "లోపలికి రండి, లోపలికి రండి" అని సైగ చేశారు. పెద్దమనిషి వెంట వచ్చిన దుబాసీ లిఫ్టులో ఇరుక్కుపోయి ఉన్నారు. వీరికి వచ్చిన జర్మన్ "నమస్కారం" ఒక్కటే. అదీ ఆ క్షణంలో గుర్తురాలేదు.

జర్మన్ పెద్దమనిషి తెల్లబోయి, చాచిన చేతిని మెల్లగా కోటు జేబులో పెట్టుకున్నారు. ఇంతలో లెయొకాడియా గారు అల్లుడి చంక కిందనుంచి దూరి వచ్చి, ఆయన తడి బూట్లు చూసి, స్వర్గస్థులైన తన భర్తగారి గళ్ల చెప్పులు గడప దగ్గర పెట్టి, "వేసుకోండి, వేసుకోండి" అన్నారు. ఆయనకి భాష అర్థం కాకపోయినా చెప్పులు అర్థమయ్యాయి. వంగి కుడికాలి బూటు విప్పారు. మేజోడులోంచి బొటనవేలు బయటికొచ్చి ఉంది. పూర్తిగా.

ఆయన ఆ వేలిని చూసుకున్నారు. వీరు చూశారు. అత్తగారు చూశారు. పెద్ద హోదాలో ఉన్న మనిషి, మంచి కోటు, మంచి టై. ఆయన ఎర్రబడి, బూటు మళ్లీ తొడుక్కుని, నిటారుగా నిలబడి, ఇక వెళ్లొస్తానన్నట్టు మళ్లీ చెయ్యి చాచారు. గడప మీదుగానే.

వీరు మళ్లీ చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

ఆయన మెట్లు దిగి వెళ్లిపోయారు. యొవీటా గారు కేకు ముక్కలు కోసి ట్రేలో పెట్టుకుని వంటింట్లోంచి వచ్చేసరికి గుమ్మంలో గళ్ల చెప్పులు మాత్రమే ఉన్నాయి.

"ఏడీ?"

"వెళ్లిపోయాడు."

"ఎందుకు?"

"బొటనవేలు," అన్నారు లెయొకాడియా గారు.

సోమవారం పొద్దున్నే కునా గారు ఆఫీసుకొచ్చి జర్మనీకి ఫోన్ కలపమన్నారు. కలిపాను. యొవీటా గారు దంతవైద్యశాలలో డ్యూటీలో ఉన్నందున మన హైస్కూల్ జర్మన్ టీచరమ్మ గారు వచ్చి మాట్లాడారు. వాళ్లకి విషయమంతా వివరించాం. వాళ్లు మర్యాదగా విన్నారు. "మీవాడికి ఇష్టం లేదనుకుని నిన్ననే వేరే స్ట్రైకర్‌తో సంతకం పెట్టించుకున్నాం" అన్నారు. కునా గారు రిసీవర్ పెట్టేసి, కాసేపు మా కిటికీలోంచి గ్రౌండు చూసి, ప్రాక్టీసుకి టైమైందని వెళ్లిపోయారు.

అసలు కథ ఇక్కడ మొదలైంది. ఎదురింటి గెనొవెఫా గారు ఆ తతంగమంతా తలుపుకున్న చిన్న అద్దపు కంటిలోంచి చూశారు. తలుపు కంటిలోంచి మనుషులు కనిపిస్తారుగాని గడప కనిపించదు. ఆమె చూసింది ఇదీ: జర్మనీ చెయ్యి చాచింది, కునా గారు చేతులు వెనక్కి పెట్టుకున్నారు, జర్మనీ వంగింది, మళ్లీ చెయ్యి చాచింది, కునా గారు మళ్లీ చేతులు వెనక్కి పెట్టుకున్నారు, జర్మనీ తలవంచుకుని వెళ్లిపోయింది. సాయంత్రానికి అపార్టుమెంట్లన్నిటికీ తెలిసింది. శుక్రవారం మన ఊరి పత్రిక మొదటి పేజీలో "కాళ్లు పట్టుకున్నా కదల్లేదు!" అని వేశారు.

వీరు కాదని చెప్పకపోలేదు. మాంసం కొట్టతనికి చెప్పారు: "లేదండీ, నేను వెళ్దామనే అనుకున్నా." కొట్టతను కళ్లు తుడుచుకుని, "ఇంత చేసి ఎంత నిగర్వం!" అని ఇంకో అరకిలో ఎక్కువ వేశాడు. బస్సు డ్రైవరుకు చెప్పారు. ఆయన టికెట్ డబ్బులు తీసుకోలేదు. వీరు కాదన్నకొద్దీ గౌరవం పెరిగింది. చివరికి అత్తగారే అడ్డుకున్నారు.

"బాబూ, ఇక చాలు. ఎంతమందికని చెబుతావు? నోరు మూసుకుని వాళ్లు పెట్టింది తిను."

"అబద్ధం కదమ్మా."

"నువ్వు చెప్పావా? గెనొవెఫా చెప్పింది. దాని పాపం దానిది."

ఆ తర్వాత పదకొండేళ్లూ వీరు ఇక్కడే ఆడారు. రెండువేల పదహారులో క్లబ్బు కింది లీగులోకి పడిపోబోతుంటే, ఆఖరి మ్యాచ్ ఆఖరి నిమిషంలో ముంగాలి ఎముకతో కొట్టి నిలబెట్టారు. ఆ ఎముకకి వేసిన కట్టు మీద అధ్యక్షులవారు స్వయంగా సంతకం చేశారు. రెండువేల పద్దెనిమిదిలో మోకాలికి ఆపరేషన్ అయితే, లేచి నడవగానే కుర్రాళ్లకి నిలబడటం నేర్పడం మొదలుపెట్టారు. మన క్లబ్బులో పరిగెత్తడం నేర్పేవాళ్లు చాలామంది ఉన్నారు, నిలబడటం నేర్పింది వీరొక్కరే. కెప్టెన్‌గా ఎవరినీ గట్టిగా కసిరింది లేదు. ఓడిన రోజు బస్సులో అందరికంటే ముందు నిద్రపోయేవారు, దాంతో మిగతావాళ్లకి ధైర్యం వచ్చేది. కాంట్రాక్టు మాట్లాడ్డానికి వచ్చినప్పుడల్లా అధ్యక్షులు శ్రీ దుజాక్ గారు వీరి భుజం తట్టి, "మీలాంటి విశ్వాసపాత్రులతో బేరాలేమిటండీ" అని, పాత కాగితం మీదే తారీఖు మార్చేవారు. విశ్వాసపాత్రుడన్న పేరు వీరికి ఆ రకంగా కూడా ఖరీదైంది.

ఈ ఏడాది వసంతంలో, వీరు ఇక ఆడలేనని చెప్పగానే, దుజాక్ గారు తూర్పు స్టాండుకి వీరి పేరు పెడతామని ప్రకటించి, ఇత్తడి ఫలకం చేయించారు. మే నెలలో ఒకరోజు కునా గారు ఆఫీసుకొచ్చి తలుపు దగ్గరికేశారు.

"ఆ రేకు చూశారా?"

"ఇత్తడిదండీ. రేకంటే అధ్యక్షులవారు బాధపడతారు."

"దానిమీద ఏం రాశారో చూశారా?"

"చూశాను. 'జర్మనీ చేయి చాచినా మన చేయి విడువని విశ్వాసపాత్రుడు రెమిగియుష్ కునా.' నన్ను అచ్చుతప్పులు చూడమన్నారు. లేవు."

"అబద్ధం ఉంది కదా."

"అది చూడమనలేదండీ."

వారు కుర్చీలో కూలబడ్డారు. అంత పెద్ద మనిషి మా చిన్న కుర్చీలో కూర్చుంటే ఎప్పుడూ బాధగా ఉంటుంది, కుర్చీ గురించి. "నోటిమాటగా ఉన్నన్నాళ్లూ ఊరుకున్నాను. నవ్వుకునేవాణ్ణి కూడా," అన్నారు. "ఇత్తడంటే ఉండిపోతుంది. నిన్న మా మల్వీనా అడిగింది, 'నాన్నా, నిజంగా నువ్వు వద్దన్నావా?' అని. తొమ్మిదేళ్ల పిల్ల. స్కూల్లో నా మీద వ్యాసం రాస్తోంది. ఏం చెప్పను?"

"ఏం చెప్పారు?"

"పళ్లు తోముకోమన్నాను."

ఆ ఆదివారం మన క్లబ్బు పత్రిక ఈ సంచికకి ఫొటోల కోసం వాళ్లింటికి వెళ్లాను. అప్పటికే లోపల కోర్టు నడుస్తోంది. నాకు చెప్పులిచ్చి, టీ ఇచ్చి, సాక్షిగా కూర్చోబెట్టారు.

"ఆఖరి మ్యాచ్ రోజున మైకు పట్టుకుని ఇదంతా వాగావంటే," అంటున్నారు లెయొకాడియా గారు, "రేపటినుంచి మాంసం కొట్టుకి నేను ఏ ముఖం పెట్టుకుని వెళ్లను?"

"ఉన్న ముఖం పెట్టుకునే వెళ్లండమ్మా. మాంసం ముఖం చూసి ఇవ్వరు," అన్నారు కునా గారు.

"ముఖం చూసే ఇస్తారు! నీకేం తెలుసు? ఏనాడైనా కొన్నావా?"

"అసలు ఆ చెప్పులు పెట్టిందే నువ్వు కదమ్మా," అన్నారు యొవీటా గారు.

"పెట్టకపోతే? ఆ బురద బూట్లతో నా తివాచీ మీదికి రానివ్వాలా? జర్మనీ అయితే మాత్రం?"

"ఇద్దరూ ఆగండి," అన్నారు కునా గారు. "నేను చెప్పేస్తాను. జనం ఈలలు వేస్తే వేస్తారు. పంతొమ్మిదేళ్లు చప్పట్లు కొట్టారు, ఒకరోజు తిడితే ఏం?" అన్నారుగాని, టీలో మూడు చెంచాల చక్కెర వేసుకోవడం నేను చూశాను. మామూలుగా వారు చక్కెరే వేసుకోరు.

జూన్ మూడో తారీఖు, శనివారం. వీరి ఆఖరి మ్యాచ్ ఒకటి ఒకటితో డ్రా అయింది. వీరు గోల్ కొట్టలేదు. ఒకటి పోస్టుకు తగిలింది, అదీ చాలా అందంగా. అలాంటివి లోపలికి పోవని వీరికి ముందే తెలిసినట్టుంది, చూడనైనా లేదు. స్టాండ్లు నిండిపోయాయి. తూర్పు స్టాండు గోడమీద ఫలకానికి తెర కట్టి ఉంది, తాడు దుజాక్ గారి చేతిలో ఉంది. మైకు వీరి చేతికిచ్చారు.

"అందరికీ నమస్కారం," అన్నారు. "నేను జర్మనీని వద్దనలేదు."

మైకు పాడైందనుకుని సౌండు అబ్బాయి పరిగెత్తాడు. వీరు ఆగమన్నారు.

"వాళ్లు వస్తున్నారంటే వారం రోజులు నిద్రపట్టలేదు. మా ఆవిడ పెట్టె సర్దింది. ఆయన గడప అవతలనుంచి చెయ్యి చాచాడు. నేను ఇవతలున్నాను. ఎలా ఇస్తాను? లోపలికి రమ్మన్నాను. మేజోడు చిరిగుందని ఆయన రాలేదు. మేం ఫోన్ చేసేసరికి వేరేవాణ్ణి తీసేసుకున్నారు. అంతే జరిగింది. మీరు నన్ను విశ్వాసపాత్రుడన్నారు. నేను ఉండాలని ఉండలేదు. ఉండిపోయాను. ఉండగా ఉండగా ఇక్కడ ఉండటం నచ్చింది. ఆ మాట నిజం. ఆ ఇత్తడి మీద రాసింది మాత్రం నిజం కాదు. దయచేసి తెర తీయకండి."

వీరు మైకు కిందికి దించారు. వీరి మెడ వంగిపోయింది. యొవీటా గారు మల్వీనా చెయ్యి పట్టుకుని లేచి నిలబడ్డారు.

అప్పుడు మూడో వరసలోంచి గెనొవెఫా గారి గొంతు వినిపించింది.

"నాకు గడప కనపళ్లేదర్రా! ఆ కంట్లోంచి గడప కనపడదు!"

"గడప మీదుగానా?" అన్నాడు ఆమె వెనకున్న ఒక పెద్దాయన. "చెయ్యా? అదేం మర్యాదయ్యా?"

"మా ఇంటికొచ్చినా నేనూ అంతే చేసేవాణ్ణి!" అని ఇంకొకాయన.

"బొటనవేలు మొత్తం బయటికొచ్చిందా, సగమా?" అని మాంసం కొట్టతను అరిచాడు.

"మొత్తం!" అని జవాబిచ్చింది వీరు కాదు, లెయొకాడియా గారు. ఆమె అప్పటికే మెట్లు దిగి గ్రౌండులోకి వచ్చేస్తున్నారు.

ఎక్కడో ఒక జత చేతులు చప్పట్లు మొదలుపెట్టాయి, తర్వాత స్టాండుకి స్టాండు లేచింది. నేను ఈ క్లబ్బులో ముప్ఫై ఏళ్లుగా ఉన్నాను. గోల్‌కి పడే చప్పట్లు నాకు తెలుసు. ఇవి అవి కావు. వీరు అటూ ఇటూ చూశారు, ఎవరికి కొడుతున్నారో అని. మల్వీనా గెంతుతూ చప్పట్లు కొడుతోంది.

దుజాక్ గారు ఒక్కరే తాడు పట్టుకుని ఏడుపు ముఖంతో నిలబడిపోయారు. "మరి దీన్నేం చెయ్యను? అంత ఇత్తడి! అక్షరాలు చెరిపితే చెరగవు!"

"వెనక్కి తిప్పండి," అన్నారు లెయొకాడియా గారు. "వెనకవైపు ఖాళీగానే ఉంటుంది కదా. దానిమీద రాయించండి. మా ఇంట్లో టేబుల్ గుడ్డలు అలాగే వాడతాం."

అలాగే జరిగింది. మీరిప్పుడు తూర్పు స్టాండు దగ్గరికెళితే గోడమీద కనిపించేది ఇంతే: "రెమిగియుష్ కునా. ఇక్కడ ఆడారు. 2004–2023." విశ్వాసం, జర్మనీ, చేయి విడవకపోవడం, ఇవన్నీ గోడవైపు ఉన్నాయి. బిగించేటప్పుడు వీరే నిచ్చెన పట్టుకున్నారు. నాలుగు మరలూ గట్టిగా పడ్డాయో లేదో తర్వాత తామే ఎక్కి లాగి చూసుకున్నారు.

విరమణ తర్వాత వీరు ఇంట్లోనే ఉంటున్నారు. మొదటి వారంలోనే వంటింటి అలమరల్లో డబ్బాలన్నీ ఎత్తుల వారీగా సర్దారట. రెండోవారం యొవీటా గారు మా ఆఫీసుకి ఫోన్ చేసి, "పొద్దున తొమ్మిదినుంచి మధ్యాహ్నందాకా ఈయన్ని నిలబెట్టుకోవడానికి మీ దగ్గర చోటేమైనా ఉందా?" అని అడిగారు. ఉందన్నాను. ఆగస్టునుంచి పన్నెండేళ్ల పిల్లల జట్టుకి వీరే కోచ్. పిల్లలు పరిగెత్తడం లేదని తల్లిదండ్రుల ఫిర్యాదులు అప్పుడే మొదలయ్యాయి.

మన పద్ధతి ప్రకారం ఎవరికైనా నూరేళ్లని కోరుకుంటాం. అరవై దాటినవాళ్లకి ఆ కోరికలో మర్యాదపాలు ఎక్కువ. కునా గారి విషయంలో అది సీరియస్ వ్యవహారం, ఇంకా చాలా దూరం ఉంది. ఆ దూరమంతా వారి మోకాళ్లు వారికి సహకరించాలని, యొవీటా గారికి అందుకు తగిన ఓపిక దొరకాలని, లెయొకాడియా గారు మాంసం కొట్టులో ముందువరసలోనే ఉండాలని, మల్వీనాకి ఆ వ్యాసంలో మంచి మార్కులు రావాలని, వారు నిండు ఆరోగ్యంతో, మన మధ్యనే, ఎక్కడ నిలబడాలనిపిస్తే అక్కడ నిలబడి, నిండు నూరేళ్లు జీవించాలని, క్లబ్బు కార్యాలయం తరఫున మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.